కాశమ్మ పోసిన పురుళ్లు

కిషన్‌బాగ్‌లో బర్రెల కొట్టాల పక్కన ఉండే కాశమ్మ ముప్పై ఏళ్లుగా మంత్రసాని. వాడలో సగం మంది ఆమె చేతుల్లో పుట్టినవాళ్లే. కానీ ఆమె కోడలు సత్తెమ్మకు పుట్టిన ఇద్దరు కొడుకులూ ఎనిమిదో రోజునే పోయారు. పాలు తాగుతున్న పసివాడికి ఉన్నట్టుండి దవడలు బిగుసుకుపోయేవి, ఒళ్లు విల్లులా వంగేది. గాలి సోకిందని కాశమ్మ తాయెత్తులు కట్టించింది. ఫలితం లేకపోయింది.

1941లో సత్తెమ్మకు మళ్లీ నెలలు నిండుతుంటే, ఆమె భర్త మైసయ్య దబీర్‌పురా నుంచి రాహేలు అనే నర్సును పిలుచుకొచ్చాడు.

"బొడ్డు దేనితోని కోస్తవమ్మా?" అని రాహేలు అడిగింది.

కాశమ్మ చూరులోంచి కొడవలి తీసి చూపించింది. "గిదే. కోసినంక పిడకల బూడిద అద్దుత. జల్ది ఆరుతది."

రాహేలు ఆ కొడవలిని అటూ ఇటూ తిప్పి చూసింది. "గాలి గాదమ్మా. పేడల ఉండే విషం బొడ్డు పుండుల నుంచి లోపలికి పోతది. కత్తి మసలబెట్టాలె. బూడిద పెట్టొద్దు."

"వాడంత గీ కొడవలితోనే పుట్టింది. బతకలేదా?" కాశమ్మ గొంతు లేచింది.

"గట్ల దవడలు బిగిసి ఎంతమంది పోయిన్రు?"

కాశమ్మ ఒక్కొక్కరినే తలచుకుంది. ఎల్లమ్మ కొడుకు, బాలకిషన్ బిడ్డ... చివరికి ఇద్దరు మనవళ్లతో కలిపి పదకొండు మంది అయ్యారు.

"నేనే చంపిననా?" అంది.

"నీకెవ్వరు చెప్పలే గదమ్మా," అంది రాహేలు.

మంచం మీద నుంచి అంతా విన్న సత్తెమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. ఆ తర్వాత అత్తతో మాట్లాడటం మానేసింది.

నొప్పులు మొదలైన రోజు రాహేలు వచ్చి కత్తెర మసలబెట్టింది. కాశమ్మ కొట్టంలోనే నిలబడిపోయింది. లోపలి నుంచి సత్తెమ్మ కేక వినిపించింది. "అత్తా! నాకు భయమైతుంది, రాయే!"

కాశమ్మ చేతులు సబ్బుతో మోచేతుల దాకా తోముకుని లోపలికి వెళ్లి, కోడలి తలను ఒళ్లో పెట్టుకుంది. ఆడపిల్ల పుట్టింది.

ఎనిమిదో రోజంతా ఇంట్లో ఎవరూ అన్నం ముట్టలేదు. పిల్ల మాత్రం గుటకలేస్తూ పాలు తాగింది. తొమ్మిదో రోజూ తాగింది.

ఆ పొద్దున కాశమ్మ ఎల్లమ్మ ఇంటికి వెళ్లి, గడప బయటే నిలబడి, జరిగినదంతా చెప్పింది. ఎల్లమ్మ తిట్టలేదు.

"ఉంటే గిప్పుడు బడికి పోతుండె," అని మాత్రం అంది.

కాశమ్మ అక్కడే కూలబడింది. చాలాసేపటికి లేచి, కళ్లు తుడుచుకుని, బాలకిషన్ ఇంటివైపు నడిచింది.