నరసరాజు గారి పుంజుకు దోమతెర

నరసరాజు గారి పందెం పుంజుకు ముఖమంతా కురుపులు లేచేసరికి, కొల్లేటి ఒడ్డున ఆ ఊళ్ళో పెద్దప్రాణం పోయినంత గోల అయింది. ఆయన గొడ్లసావిట్లో పనిచేసే యేసమ్మకు మాత్రం గుండెల్లో రాయి పడింది. రాజుగారికి తుమ్మొచ్చినా తప్పు ఊరి చివర యేసమ్మ వాళ్ళ పాలెందే మరి!

అనుకున్నంతా అయింది. "మీ కోళ్ళే అంటించాయే! రేపు పొద్దుగూకేలోగా పాలెంలో కోడన్నది కనిపించకూడదు," అన్నారు రాజుగారు.

యేసమ్మకు ఉన్నది ఒక్కటే పెట్ట. పన్నెండు గుడ్లు పొదుగుతోంది. మూడు రోజులాగితే పిల్లలవుతాయి.

"మా పెట్టకి మచ్చయినా లేదండి, ఆయ్. వచ్చి చూడండి బాబూ," అని కాళ్ళావేళ్ళా పడింది. గోడకు చెప్పుకున్నట్టే అయింది.

మర్నాడు ఏలూరు నుంచి పశువుల డాక్టరు సూర్యప్రకాశరావు దిగాడు. పుంజును చూడకముందే, దాన్ని కట్టేసిన చోటు చూసి ముక్కు మూసుకున్నాడు. పక్కనే నార కోసం జనుము ఊరేసిన గుంట, కుళ్ళునీళ్ళ మీద దోమల జాతర. సావిట్లో గేదెలకు యేసమ్మ రోజూ సాయంత్రం వేపాకు పొగ వేస్తుంది. పొగకు ఈకల నిగ్గు పోతుందని పుంజును మాత్రం రాజుగారే ఇక్కడికి మార్పించారు. మహా తెలివి!

"మొన్న చచ్చిందన్నారే, తాడేపల్లిగూడెంలో కొన్న పుంజు, అది తెచ్చిందండీ ఈ మశూచి. మీ గుంటలో దోమలు దీనికి అంటించాయి. పాలెం కోళ్ళు పొయ్యిపొగలో పడుకుని బతికిపోయాయి. ముందు ఈ గుంట పూడ్పించండి," అన్నాడు డాక్టరు.

"మా తాతగారు తవ్వించిన గుంటండీ! దోమకి భయపడి పూడ్చామంటే ఆకివీడు నుంచి ఉండి దాకా ఊళ్ళన్నీ నవ్విపోవూ?"

రాజుగారు తమ మంచం మీది దోమతెర విప్పించి పుంజుకు కట్టించారు. గుంట గుంటలాగే ఉంది. ఆజ్ఞా అలాగే ఉంది, రాజులు అన్నమాట వెనక్కి తీసుకోరట. ఆ సాయంత్రం పాలెంలో ముప్పై కోళ్ళు తెగాయి. చల్లారిపోతున్న గుడ్లు ఒళ్ళో పెట్టుకుని యేసమ్మ ఏడ్చింది, తిట్టింది, మళ్ళీ ఏడ్చింది.

పుంజు తెరలో నిక్షేపంగా కోలుకుంది. తెరలేని మంచం మీద రాజుగారికి పదిహేను రోజులకల్లా చలిజ్వరం పట్టుకుంది. నాలుగు దుప్పట్లు కప్పినా పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. కాస్త దిగాక, నోరు చేదుగా ఉందని యేసమ్మను పిలిపించారు.

"ఓ కోడిని పట్రావే. మిరియాలేసి పులుసు కాస్తే గానీ లేవలేను."

యేసమ్మ చేతులు కట్టుకుని తలొంచుకుంది.

"పాలెంలో కోడన్నది కనిపించకూడదన్నారు కదండీ. నాకు తెలిసి మిగిలింది ఒక్కటేనండి, ఆయ్. తెర విప్పమంటారా?"