సరే నొక్కాక

బూటు అప్పటికే రెండో ల్యాప్‌టాప్ పొట్ట విప్పేసి, స్క్రూలన్నీ టీ సాసర్లో వేసుకుని, పాత టూత్‌బ్రష్‌తో ఫ్యాను రెక్కల మధ్య దుమ్ము దులుపుతున్నాడు. తెర అవతల జెరాక్స్ మిషను గరగరమంటూ ఎవరి సర్టిఫికెట్లో కక్కుతోంది. ఇవతల బల్ల, బల్ల మీద అతని కంప్యూటరు, దాని చుట్టూ వైర్ల చిక్కు. గోడకు ఆనించి బతికించాల్సినవి ఒక వరస, ఇక లాభం లేనివి ఒక వరస. ఆ రెండు వరసల మధ్య కూర్చుని కూర్చుని అతని నడుం కూడా కుర్చీ వంపు తిరిగిపోయింది.

పేరుకు బూటే గానీ అతని కాళ్లకు ఎప్పుడూ రబ్బరు చెప్పులే. ఏ పాడైన కంప్యూటరు వచ్చినా "ముందు బూ... బూట్ అవుతుందో లేదో చూద్దాం" అంటాడు. అతనికి చిన్నప్పటినుంచీ నత్తి. సరిగ్గా ఆ మాట దగ్గరే నాలుక మొరాయిస్తుంది. జనం ఆ ముక్కనే పట్టుకుని పేరు చేసేశారు. అతను కూడా పలకడం మొదలుపెట్టేశాడు.

బూట్ కాని కంప్యూటర్లను లేపడమే అతని పని. లోపలి సిస్టమ్ చచ్చిపోయిన మిషనుకు బయటినుంచి కొత్తది ఎక్కించాలి. అందుకు పెన్‌డ్రైవును ప్రత్యేకంగా తయారుచేసుకోవాలి, ఫైలు ఊరికే కాపీ కొడితే కుదరదు. అలా తయారుచేసిపెట్టే సాఫ్ట్‌వేర్లు అతని దగ్గర మూడున్నాయి, మూడూ ఉచితమే. ఒకటి ఒకే పెన్‌డ్రైవులో పది రకాల సిస్టమ్‌లను మోస్తుంది. ఇంకొకటి చూడ్డానికి సోకుగా ఉంటుంది, రెండు బొత్తాలు నొక్కితే పనైపోతుంది. మూడోది మొరటుది, కానీ ముసలి మిషన్లకు అదే గతి. ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లు రాత్రింబవళ్లు కూర్చుని రాసి, తీసుకోండయ్యా అని లోకం మీద వదిలేశారు. వాళ్లు గుర్తొచ్చినప్పుడల్లా బూటు లోలోపల ఒక దండం పెట్టుకుంటాడు. పెళ్లి లేదు, పిల్లల్లేరు. దండం పెట్టుకోవడానికి సొంత మనుషులు కూడా పెద్దగా లేరు, అన్నావదినలు తప్ప.

ఆ వదినే పొద్దున్న ఫోన్ చేసింది.

"నీ దగ్గర ఏదో పెన్‌డ్రైవ్ ఉందటగా. మీ అన్నయ్య కాగితం మీద రాసి చూపించారు. ఇవాళ తెమ్మంటున్నారు."

"సా... సాయంత్రం తెస్తా వదినా."

"సాయంత్రం దాకా ఎందుకులే, మధ్యాహ్నం భోజనాల వేళకి ఆస్పత్రికి వచ్చెయ్. రాత్రంతా కన్ను మూయలేదు. నాకెందుకో మనసు మనసులో లేదు."

అన్నయ్య బస్టాండులో అనౌన్సరుగా చేసి రిటైరయ్యాడు. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదుందో ఆ గొంతు చెబితేనే ఊరు కదిలేది. ఇంట్లో తమ్ముడి తరఫున మాట్లాడేది కూడా ఆ గొంతే. బళ్లో హాజరు పలకాలన్నా, కొట్లో కాఫీపొడి అడగాలన్నా, ఈ జెరాక్స్ ఆయన దగ్గర పని ఇప్పించాలన్నా అన్నయ్యే మాట్లాడేవాడు. వెనకాల నిలబడి తల ఊపడం తమ్ముడి వంతు. అలాంటి గొంతులోనే పుండు లేచింది. స్వరపేటిక మొత్తం తీసేయాలి, ఇక మాట రాదు అని డాక్టర్లు తేల్చేశారు. ఆపరేషనుకు ముందు అన్నయ్య తలుపేసుకుని ఏదో రికార్డు చేసుకుని, పెన్‌డ్రైవు తెచ్చి తమ్ముడి చేతిలో పెట్టాడు.

"నేను చెప్పినప్పుడు మీ వదినకివ్వరా. పోగొట్టేవు, జాగ్రత్త. నువ్వు మాత్రం వినకు."

"వి... విననులే."

వినలేదు. సొరుగులో అట్టపెట్టెలో పెట్టి తాళం వేశాడు. ఇవాళ అది బయటికి తీసి, ఎందుకైనా మంచిదని ఇంకో కాపీ చేసి ఉంచుదామనుకుని కంప్యూటరు వెనకవైపు గుచ్చాడు. ఇంతలో ట్యూషన్ టీచరమ్మ వచ్చింది. పాత ల్యాప్‌టాప్‌ను బిడ్డను ఎత్తుకొచ్చినట్టు చున్నీలో చుట్టుకొచ్చింది.

"నీలం తెరేసుకుని కూర్చుందండీ. పిల్లల ప్రశ్నపత్రాలన్నీ ఇందులోనే ఉన్నాయి, పోవుగా?"

"పో... పోవు. ముందు వాటిని పక్కకు తీసేసి, తర్వాత ఎక్కిస్తా."

ఆమె ఫైళ్లన్నీ వేరే డిస్కులోకి భద్రంగా తీశాడు. ఒకటికి రెండుసార్లు తెరిచి చూశాడు, ఆమెకు కూడా చూపించాడు. ల్యాప్‌టాప్ ముసలిది కాబట్టి మొరటు సాఫ్ట్‌వేరే శరణ్యం. తన పెన్‌డ్రైవు కంప్యూటరు ముందువైపు గుచ్చి దాన్ని తెరిచాడు. అది తనకు ముందు కనిపించిన డ్రైవును తనే ఎంచుకుని, ఎప్పటిలాగే ఎర్రక్షరాలతో అడిగింది: ఈ డ్రైవులో ఉన్నదంతా చెరిగిపోతుంది, సరేనా?

కొత్తలో ఈ ప్రశ్న వచ్చినప్పుడు బూటు ఊపిరి బిగబట్టేవాడు. డ్రైవు పేరు చూసుకుని, దాని సైజు చూసుకుని, లోపలేముందో తెరిచి చూసుకుని అప్పుడు నొక్కేవాడు. ఏళ్లు గడిచాక ఆ ప్రశ్న ఈగలా తయారైంది. ముక్కు మీద వాలకముందే చెయ్యి తోలేస్తుంది. ఇవాళ కూడా టీచరమ్మతో ఛార్జరు గురించి చెబుతూనే సరే నొక్కేశాడు.

పని పూర్తయిందన్నాక తన పెన్‌డ్రైవు లాగి ల్యాప్‌టాప్‌కు గుచ్చాడు. బూట్ కాలేదు. మళ్లీ చూశాడు. కాలేదు. ఇదేం తిక్క అనుకుంటూ దాన్ని తెచ్చి తన కంప్యూటర్లో తెరిస్తే, అందులో నిన్నటి పాత ఫైళ్లే ఉన్నాయి. మరి ఇందాకటినుంచీ రాసింది దేనిమీద?

రెండూ ఒకే కంపెనీవి, ఒకే సైజువి, జంటగా ప్యాకెట్లో వస్తే తనే కొని ఒకటి అన్నయ్యకిచ్చాడు. రెండోది తెరిచాడు. టీచరమ్మకు కావలసిన సిస్టమ్ అందులో బుద్ధిగా, తప్పు లేకుండా, చక్కగా అమరి ఉంది. అన్నయ్య లేడు.

బూటు చెవుల్లో జోరీగ దూరినట్టుంది. ఇన్నేళ్లలో ఒక్కరి ఫోటో పోగొట్టలేదు, ఒక్కరి ఉత్తరం పోగొట్టలేదు. తాగుబోతు తెచ్చిన మిషనైనా, తిట్టిపోసేవాడు తెచ్చిన మిషనైనా ముందు లోపలివి దాచి తర్వాతే చెయ్యి వేసేవాడు. ఇక పుట్టబోని గొంతును, ఇంకెక్కడా లేని గొంతును, ఆ చేత్తోనే తుడిచేశాడు.

"ఏమైందండీ, మొహం అలా పాలిపోయింది?" అంది టీచరమ్మ. "నా పేపర్లు పోయాయా?"

"మీవి... మీవి భద్రంగా ఉన్నాయి."

ఆమెకు సిస్టమ్ ఎక్కించి పంపాడు. ఎలా పంపాడో అతనికే తెలియదు. తర్వాత చెరిగిపోయినవి వెతికే సాఫ్ట్‌వేరు తెరిచాడు. అదీ ఉచితమే. కొత్తది రాసిన చోట పాతది పోయినట్టే. రాయని చోట మాత్రం ముక్కలేవైనా మిగిలి ఉండవచ్చు. పచ్చగీత నత్తలా కదులుతోంది. గీత వైపు చూస్తూ నోరు తెరుచుకుని కూర్చున్నాడు.

ఫోను మోగింది. వదిన. ఏమని చెప్పాలి? తెస్తున్నానని అబద్ధం ఆడనా? పోగొట్టానని నిజం చెప్పనా? ఏదో ఒక ముక్క దొరకనీ, అది పట్టుకుని వెళ్లి కాళ్లమీద పడతా అనుకున్నాడు. మోత ఆపేసి, ఫోనును బల్ల మీద బోర్లా తిప్పాడు. కాసేపటికి ఫోను అంచుల చుట్టూ వెలుగు వచ్చి పోయింది. తర్వాత మళ్లీ వచ్చింది.

జెరాక్స్ ఆయన తెర తీసి తొంగిచూశాడు. "అన్నం తినవేంట్రా? ఆస్పత్రికి వెళ్లాలన్నావుగా?"

"వె... వెళ్తా. ఇది అ... అయ్యాక."

"ఏంటది అంత రాచకార్యం?"

బూటు పచ్చగీత వైపు వేలు చూపించాడు. ఆయన రెట్టించలేదు, గిరాకీ ఉందని వెళ్లిపోయాడు.

ఎండ తెర అంచు దాటి గోడెక్కిన వేళకు వెతుకులాట ముగిసింది. దొరికినవాటికి పేర్లు లేవు, తలా తోకా లేవు. వినకు అన్న మాట గుర్తొచ్చి ఒక్క క్షణం ఆగాడు. వినకపోతే ఏది అన్నయ్యో తెలిసేదెలా? హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఒక్కొక్కటే తెరిచాడు. కొన్నింట్లో బుస. కొన్నింట్లో ఇసుక జల్లించిన చప్పుడు. ఆఖరికి ఒకదాంట్లో కుర్చీ జరిపిన శబ్దం, చిన్న దగ్గు, ఆ వెనకే అన్నయ్య.

"ఇదిగో... వింటున్నావా?"

అంతే. మళ్లీ బుస.

అన్నయ్య ఏనాడూ వదినను పేరు పెట్టి పిలవలేదు. తువ్వాలు కావాలన్నా ఇదిగో, ఒంట్లో బాగాలేదన్నా ఇదిగో. ఆ పిలుపు తర్వాత ఏం చెప్పాడో, ఎంతసేపు చెప్పాడో, నవ్వాడో ఏడ్చాడో, అదంతా ఎర్రక్షరాల కింద పోయింది. బూటు ఆ ముక్కను తన ఫోన్లోకి ఎక్కించుకున్నాడు. అప్పుడు చూశాడు, వదిన ఎన్నిసార్లు ఫోన్ చేసిందో. తిరిగి చేసే ధైర్యం లేక ఆటో ఎక్కాడు. దారి పొడుగునా చెప్పాల్సిన మాటను పెదాల మీద కూడబలుక్కున్నాడు. వదినా, నేనే చెరిపేశాను. ఇప్పుడు తన తరఫున చెప్పిపెట్టేవాళ్లు లేరు.

వార్డు బయట బెంచీ మీద వదిన ఒక్కతే కూర్చుని ఉంది. ఒళ్లో అన్నయ్య చొక్కా మడత పెట్టి ఉంది.

"వదినా, అ... అన్నయ్య పడుకున్నాడా?"

"పోయారు" అంది. "మందుల బండి వచ్చి వెళ్లాక. నీకు చేస్తూనే ఉన్నాను."

ఆ మాట అతని బుర్రకెక్కలేదు. పోవడమేమిటి? పొద్దున కాగితం మీద రాసిన మనిషి. అతను తలుపు వైపు చూశాడు, మళ్లీ ఆమె వైపు చూశాడు. పగలంతా గొంతు వెతుకుతూ కూర్చున్నాడు. ఆ పగలే మనిషి వెళ్లిపోయాడు.

"ఫోను ఎందుకు తీయలేదు నువ్వు? తలుపు వైపే చూస్తూ ఉన్నారయ్యా మీ అన్నయ్య."

"వ... వదినా. నే... నేనే. చె... చెరి..." మాట రాలేదు. ఊపిరి తీసుకుని మళ్లీ మొదలుపెట్టాడు. ఎప్పుడూ అతని మాట అందుకుని పూర్తి చేసే ఆమె ఈసారి అందుకోలేదు. అతనే అన్నాడు. "నేనే చెరిపేశాను. పొరపాటున. అన్నయ్య నీకోసం రికార్డు చేసిన మాటలన్నీ పోయాయి."

ఆమె చొక్కా మడత విప్పి మళ్లీ మడిచింది. "ఏముంటాయిలే. గ్యాసు కట్టావా, తలుపు గడియ వేశావా అనే అయ్యుంటాయి." మళ్లీ తనే అడిగింది. "అన్నీ పోయాయా?"

బూటు ఫోను తీసి నొక్కాడు.

"ఇదిగో... వింటున్నావా?"

"ఆఁ, చెప్పండి" అంది వదిన. అని, చటుక్కున తలెత్తి వార్డు లోపలికి చూసింది. చెప్పండి అని ఆమె అడిగింది, ఫోను బుసమంటోంది. బూటు ఆపుదామని చెయ్యి చాపాడు. ఆమె అతని మణికట్టు పట్టుకుని ఆపనివ్వలేదు. బుస అయిపోయేదాకా ఇద్దరూ విన్నారు.

ఆయా వచ్చి, సామాను తీసుకోండమ్మా, మంచం కావాలి అని చెప్పింది. బూటే లోపలికెళ్లాడు. అన్నయ్యను అప్పటికే మార్చురీకి తీసుకెళ్లారు, పరుపు మీది దుప్పటి కూడా తీసేశారు. పక్కన స్టూలు మీద, మాట పోయినప్పటినుంచి ఎవరినైనా పిలవాలంటే అన్నయ్య టంగుమని కొట్టే స్టీలు గ్లాసు, దానికి ఆనించి చెంచా.