గోడలేని కాలువ

ఎడపల్లి చెరకు చేలకు నీళ్ళు తెచ్చే కాలువలో దేవన్న ఈత చూసి ఊరంతా మురిసిపోయేది. ఈ మురిపెమంతటికీ పెద్ద యువజన సంఘం రామ్‌దాస్. మెడలో స్టాప్‌వాచీ వేసుకుని కాలువ గట్టున దొరలా తిరిగేవాడు. తూము తలుపు ఎత్తి నీళ్ళు వదిలిన రోజే పోటీ పెట్టేవాడు, అదీ నీటి వాలుకే. సగం ఈత కాలువే ఈదిపెడుతోందని ఒక్క బుర్రకూ తట్టలేదు.

ఆ టైము నమ్మి అరవైరెండులో దేవన్నను హైదరాబాదు ఫ్రీస్టైల్ పోటీకి ఒంటరిగా పంపారు. అక్కడ కొలనులో నీళ్ళు కదలవు. పైగా ఎదురుగా గోడ! మిగతావాళ్ళు గోడను తన్ని వెనక్కి మళ్ళితే, ఈతలో గోడ ఎరగని మన వీరుడు అక్కడే నిలబడి దిక్కులు చూశాడు. జనం పడీపడీ నవ్వారు. ఆఖరున వచ్చాడని తెలిసి ఊరూ నవ్వింది. గోడ సంగతి మాత్రం సిగ్గుతో కన్నతల్లి హన్మవ్వకు కూడా చెప్పలేదు.

ఇంకొక్కసారి హైదరాబాదు పోవాలి, నవ్విన నోళ్ళు మూయించాలి. ఆ కసితో రోజూ ప్రవాహానికి ఎదురే ఈదాడు.

మళ్ళీ ఎంపిక రోజు వచ్చింది.

"అన్నా, నేను ఎదురీదుత. గప్పుడే అసలు ఈత తెలుస్తది" అన్నాడు దేవన్న.

"ఈదు తమ్మీ, నిన్నెవరు ఆపిండ్రు?" అన్నాడు రామ్‌దాస్ తియ్యగా.

దేవన్న నీళ్ళను చీల్చుకుంటూ ఎదురీదాడు. గట్టంతా చప్పట్లు. తర్వాత రామ్‌దాస్ మేనల్లుడు దశరథం వాలుకు దిగాడు. కాలువ వాణ్ణి మోసుకుపోయింది. రామ్‌దాస్ స్టాప్‌వాచీ చూసి మేనల్లుడి పేరే చదివాడు.

"గిదేం న్యాయమే అన్నా? వాడు వాలుకు ఈదిండు!"

"నీళ్ళు ఎటు పోతున్నయో గడియారానికి ఎర్కనా? నిన్ను నేనేమన్న ఎదురీదుమన్ననా?"

చప్పట్లు కొట్టినవాళ్ళే మళ్ళీ నవ్వారు. హన్మవ్వ ఒక్కతే రామ్‌దాస్‌ను నోరారా తిట్టింది.

బస్సెక్కే ముందు దశరథం బంతిపూల దండతోనే దేవన్న దగ్గరికి వచ్చాడు. వాడికి మామ జిత్తులు తెలియవు. చిన్నప్పుడు ఈత నేర్పింది దేవన్నే.

"అన్నా, నువ్వు పోయొచ్చినవ్ గద. ఆడ ఎట్లుంటది? నాకు బుగులైతుంది."

దేవన్నకు ఆ గోడ కళ్ళ ముందు నిలిచింది. కడుపు మండింది.

"ఏముంటది తమ్మీ! ఆడ గూడ గివే నీళ్ళు. ఈడ ఈదినట్లే ముందుకు సూస్కుంట పో" అని దండ సరిచేశాడు.

దశరథం వంగి అతని కాళ్ళకు మొక్కి బస్సెక్కాడు.