ఆవిరి వాలిన చోటు

వసంతం తొలిరోజు ఆ ఇంట్లో అందరికంటే ముందు లేచేది ఫెరూజా. లేవగానే మోచేతుల దాకా ఆలివ్ నూనె పట్టించేది, ముఖానికీ మెడకీ కూడా. నూనె లేకుండా అదర్యీస్ వేరు ముట్టుకుంటే సాయంత్రానికల్లా చేతులు బొబ్బలెక్కి వాచిపోతాయి. కబీలియా కొండవాలుల్లో సోపు మొక్కలా అమాయకంగా కనిపిస్తూ పెరుగుతుంది అది. మేకలు దాన్ని చూసి మూతి తిప్పుకుని పోతాయి. మనుషులు మాత్రం ఏడాదికొక్కసారి దాని వేరును నీళ్ళలో ఉడకేసి, ఆ ఆవిరి మీద గోధుమరవ్వతో కుస్‌కుస్ వండుకుంటారు. వేరును తినరు. ఆవిరి పట్టిన కుస్‌కుస్, ఆ నీళ్ళలోనే ఉడికిన గుడ్లు తిని, ఆ రోజంతా చల్లటి నీళ్ళు తాగకుండా, గుమ్మం దాటకుండా ఇంటిపట్టునే ఉంటారు.

మూడోసారి ఆవిరి పట్టాక అడుగున చిల్లులున్న పైకుండ ఎత్తి, కుస్‌కుస్‌ని పెద్ద చెక్క పళ్ళెంలో కుమ్మరిస్తారు. అప్పుడు లేచే ఆవిరి పైకప్పు వైపు పోదు. గదంతా నెమ్మదిగా తిరుగుతుంది. కూర్చున్నవాళ్ళను ఒక్కొక్కరినే చూసుకుంటూ పోయి, ఎవరి ఒంట్లో నలత ఉంటే అక్కడ వాలుతుంది. పావురం వాలినట్టు వాలి, కాసేపుండి, ఆరిపోతుంది.

"మొక్రాన్, మళ్ళీ నీ మోకాలే," అనేది ఫెరూజా.

"దానికి నేనంటే ప్రేమ వదినా," అంటూ మరిది గుడ్డు ఒలుచుకునేవాడు. అతని కోడలి కడుపు మీద వాలితే ఒక ఏడు మూత్రపిండంలో రాయి దొరికింది. ఇంకో ఏడు పసివాడి చెవి మీద వాలింది. తెల్లారగానే డాక్టరు దగ్గరికి పోయేవాళ్ళు. అంతే.

కుమ్మరించే మనిషి మీద మాత్రం అది వాలదు. నలభై ఏళ్ళుగా ఆ ఇంట్లో కుమ్మరించేది ఫెరూజాయే.

ఆ ఏడు ఆమెకు అరవై ఏడు నడుస్తోంది. చెల్లెలి కూతురు నువారా ముందురోజే పట్నం నుంచి వచ్చింది. నువారాకు యూనివర్సిటీ ల్యాబులో పని. అదర్యీస్ వేరు నుంచి తీసిన మందు ఒకటుంది, థాప్సిగార్గిన్ అంటారు. దాన్ని గాజుపళ్ళెంలో సూదిమొనంత వేసి, అందులో పెరుగుతున్న క్యాన్సర్ కణాలు ఏమవుతాయో చూడటం ఆమె ఉద్యోగం. వేర్లు కావలసినప్పుడల్లా పెద్దమ్మ దగ్గరికి వస్తుంది. పొడవాటి రబ్బరు తొడుగులు, కళ్ళద్దాలు పెట్టుకుని తవ్వుతుంది. అది చూసి మొక్రాన్ నవ్వుతాడు.

"తేనెపట్టు కొట్టబోతున్నావా అమ్మాయ్? ఇంత నూనె రాసుకుంటే పోయేదానికి!"

"నూనె రాసుకుని మా ల్యాబులోకి పోతే నన్ను బయటికి తోసేస్తారు బాబాయ్."

పొద్దున వేర్లు చెక్కుతూ ఫెరూజా ఉన్నట్టుండి అంది. "ఈసారి నువ్వు కుమ్మరించు. నా తర్వాత ఎవరో ఒకరు చెయ్యాలిగా. మొక్రాన్ కోడలికి భయం, నీకు చేతులు వణకవు."

అలా నలభై ఏళ్ళలో మొదటిసారి ఫెరూజా గోడవార, అందరితో పాటు, చాప మీద కూర్చుంది. ఏం చెయ్యాలో తోచక చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

నువారా కుండ ఎత్తింది. ఆవిరి లేచింది. మొక్రాన్ మోకాలి దాకా వెళ్ళి, ఆగి, వదిలేసింది. పిల్లలను దాటింది. తిన్నగా వచ్చి ఫెరూజా ఎడమ రొమ్ము పక్కన, చంక దగ్గర వాలింది. అరచేయంత మేర తెల్లగా నిలబడింది. మామూలుగా వాలేదానికంటే ఎక్కువసేపే ఉంది.

నువారా తల్లి వర్దియాను తీసుకుపోయిన జబ్బు కూడా అక్కడే మొదలైంది.

"చల్లారిపోతోంది, తినండి," అంది ఫెరూజా.

మధ్యాహ్నం పిల్లలు నిద్రపోయాక మొక్రాన్ గొంతు సవరించుకున్నాడు. "వదినా, పొద్దున్నే బండి మాట్లాడతాను. ఆసుపత్రికి..."

"నీ మోకాలి సంగతి నువ్వు చూసుకో."

"నా మోకాలి గురించి ముప్పై ఏళ్ళు నా ప్రాణం తీశావు. ఇప్పుడు నా వంతు."

ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఎంతకీ రాకపోయేసరికి నువారా వెళ్ళి చూసింది. పెద్దమ్మ పొయ్యి ముందు కూర్చుని, ఉడకని పచ్చి వేరు ముక్కను నూరుతోంది. పక్కనే తేనె గిన్నె.

"ఏంటది?"

"చూపించింది ఇదే. తీసేసేదీ ఇదే. మీరంతా గాజుపళ్ళేల్లో చేస్తున్నది కూడా ఇదేగా?"

నువారా ఆమె చేతిలోంచి పొత్రం లాక్కోలేదు. ఎదురుగా నేల మీద చతికిలబడింది. "నేను రోజూ చూస్తున్నా పెద్దమ్మా. దీని చుక్క పడితే చెడ్డ కణం చస్తుంది, నిజమే. పక్కన మంచి కణం ఉంటే అదీ చస్తుంది. ఎవరు ఎవరో దానికి తెలియదు. చెడ్డదాన్ని మాత్రమే పట్టుకునేలా దానికి నేర్పాలని ఎన్నేళ్ళుగానో పాట్లు పడుతున్నారు, ఇంకా కుదర్లేదు. ఇది మింగితే ముందు నీ గుండె ఆగుతుంది."

"ఆగనీ. ఆసుపత్రికి వర్దియా నడుచుకుంటూ వెళ్ళింది. నలుగురు మోసుకొచ్చారు."

"అమ్మ ఆలస్యంగా వెళ్ళింది."

ఫెరూజా నూరడం ఆపింది.

"ఆ ఏడు వసంతానికి మంచు పడి దారి మూసుకుపోయిందని మీ అమ్మ రాలేదు. వచ్చుంటే ఆవిరి చూపించేది," అంది. "మంచు మూడు రోజులకే కరిగింది నువారా. నేను వంట మూడు రోజులు ఆపగలిగేదాన్నే. ఊళ్ళో ఇద్దరు ముగ్గురు ఆపారు కూడా. నేను ఆపలేదు. నాన్న ఆలివ్ చెట్ల వాటా దగ్గర మీ అమ్మా నేనూ మాటామాటా అనుకున్నాం, అందుకని ఆపలేదు. తొమ్మిదేళ్ళుగా ఈ మాట ఎవరికీ చెప్పలేదు."

నువారా ముఖంలో కోపం వస్తుందని ఆమె ఎదురుచూసింది. రాలేదు.

"మా వీధిలో మంచే పడలేదు పెద్దమ్మా," అంది నువారా. "బస్సులు తిరుగుతూనే ఉన్నాయి. సంచీ సర్దుకుని కూడా అమ్మ బయలుదేరలేదు. 'అక్క పిలిస్తేగాని పోను, అడిగితే మంచు అని చెప్పు' అంది నాతో. నేను చెప్పాను. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. బస్సెక్కించి ఉండాల్సింది నేను."

ఫెరూజా కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. వేరు రసం అంటిన చేతులతో తుడుచుకోకూడదని తల పక్కకు తిప్పి భుజానికి రుద్దుకుంది.

"ఎంత మొండిది!" అంది.

"ఎవరి చెల్లెలు మరి!"

ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది, అదీ ఏడుపులోంచే. మొక్రాన్ గుమ్మం దగ్గరికి వచ్చి తొంగిచూసి, ఏమీ అర్థంకాక వెనక్కి పోయాడు. నువారా తొడుగులు వేసుకుని వేరు ముద్దను పొయ్యి బూడిదలో పూడ్చింది. రోలు కడగడానికి మాత్రం పెద్దమ్మ ఒప్పుకోలేదు. నీకు సరిగ్గా రాదు అంది.

మర్నాడు పొద్దున మొక్రాన్ మాట్లాడిన బండిలో పట్నం వెళ్ళారు. ఆసుపత్రిలో డాక్టరమ్మ చేత్తో నొక్కి చూసింది, ఏమీ తగల్లేదు. ఫెరూజా ఎక్కడని వేలు పెట్టి చూపిస్తే అక్కడే యంత్రం పెట్టి తీశారు. బొమ్మలో పెసరగింజంత కనిపించింది.

డాక్టరమ్మ ఆ బొమ్మను వెలుగుకెత్తి పట్టుకుంది. "ఇంత చిన్నది. చేతికి తగిలేది కూడా కాదు. నొప్పి ఉందా?"

"లేదు."

"మరి ఎలా తెలిసింది?"

"కుస్‌కుస్ కుమ్మరించాం," అంది ఫెరూజా.

డాక్టరమ్మ తలూపి కాగితం మీద రాసుకుంది. రాస్తూనే, "మీ ఊళ్ళో తొలిరోజే వండుతారా? మా అమ్మవాళ్ళ వైపు ఒకరోజు ముందే కానిచ్చేస్తారు," అంది. తర్వాత గింజలోంచి సూదితో ముక్క తీసి పరీక్షకు పంపింది. వారంలో జవాబొచ్చింది: అదే జబ్బు, కానీ కాలు బయట పెట్టలేదు. ఆ మరుసటి సోమవారానికి ఆపరేషన్ రాసింది.

ఆపరేషన్ రోజు పొద్దున, తెల్ల దుప్పటి కప్పి చక్రాల బండి మీద పడుకోబెట్టాక, ఫెరూజా చెల్లెలి కూతురి చెయ్యి పట్టుకుంది. "భయంగా ఉందే," అంది. జీవితంలో ఆ మాట ఆమె ఎవరితోనూ అనలేదు.

"నాకూ," అంది నువారా. తలుపు దాకా బండి వెంట నడిచింది.

గింజ మొత్తం వచ్చేసింది. చుట్టుపక్కల ఎక్కడా ఏమీ లేదు. ఇంకో ఏడాది ఆగి ఉంటే ఏమయ్యేదో డాక్టరమ్మ చెప్పబోతే ఫెరూజా వద్దంది.

ఆ తర్వాత ఆమె పన్నెండేళ్ళు బతికింది. మొక్రాన్‌ని సమాధి దాకా సాగనంపింది. నువారా పెళ్ళిలో మూడు రోజులు పాడింది. నువారా కూతురికి వర్దియా అని పేరు పెడితే, "ఇది కూడా నా మాట వినదు చూడండి," అని అందరికీ చెప్పుకుని మురిసిపోయింది. డెబ్భై తొమ్మిదో ఏట, ఆగస్టులో ఒక ఉదయం, ఊరంతా వద్దంటున్నా అంజూరపు చెట్టెక్కి కాలు జారి పడి ప్రాణం వదిలింది. కింద పడ్డ మనిషిని లేవనెత్తబోయినవాళ్ళు చూస్తే, గౌను అంచును రెండు చేతులతో గుప్పిట పట్టుకునే ఉంది. అందులో పాతిక పళ్ళున్నాయి. ఒక్కటీ నలగలేదు.