మగ్గం గుంటలో పందికొక్కు

మట్టిముద్ద ఇంకా నాలుక మీదే ఉంది. మమత మగ్గం గుంటలో కాళ్లు దించుకుని కూర్చుని, దాన్ని మెల్లగా చప్పరిస్తోంది. ఐదో నెల కడుపు. తడిమట్టి వాసన తగిలితే చాలు, ఆగలేకపోతోంది. కొన్నాళ్లుగా ఇదే వరస. తెగిన పోగు వెతుకుతున్నట్టు వంగడం, గుంట గోడ గోకడం, నోట్లో వేసుకోవడం. గోడకి పెద్ద బొక్కే పడింది. ఇవాళ చూస్తే ఎవరో దాన్ని కొత్త మట్టితో పూడ్చారు. మెత్తగా ఉందని రెండు వేళ్లతో పెళ్లగించింది.

"అమ్మాయ్, ఆ గుంటలో చేతులెట్టకే!" అరుగు మీంచి అత్తగారు బంగారమ్మ కేకేసింది. "పందికొక్కు తవ్వేత్తందని, ఎలకల మందు కలిపి పూడ్చమన్నాను మావోణ్ణి."

మమత నోట్లోది ఉమ్మేసింది. కానీ అంతకుముందే ఒక ముద్ద మింగేసింది. చెబితే పరువు పోతుంది. చెప్పకపోతే బిడ్డ!

"అత్తయ్యగారూ... పందికొక్కు కాదండీ. నేనేనండీ."

బంగారమ్మ కోడలి పెదాల మీది మట్టి చూసింది. "అమ్మ బాబోయ్!"

ఆటో బండారులంక దాటి అమలాపురం ఆసుపత్రి వైపు దూసుకుపోతోంది. బంగారమ్మ ఫోన్లో కొడుకు మీద విరుచుకుపడింది. "ఒరే చిట్టిబాబూ, మందెంత కలిపేవురా?"

అవతల చిట్టిబాబు గొంతు తగ్గించాడు.

"తిట్టకమ్మా. అసలు కలపలేదు. మమత రోజంతా అందులోనే కాళ్లెడుతుంది కదా, పాదాలు పగిలున్నాయని భయమేసింది. పొట్లం చూర్లో దోపేను."

"నువ్వు చల్లగుండాల్రా!" కొడుకు తన మాట విననందుకు బంగారమ్మ సంతోషించడం అదే మొదటిసారి. అయినా ఆటోని వెనక్కి తిప్పనివ్వలేదు.

డాక్టర్ భవానీదేవి రక్తపరీక్ష చూసి ముఖం చిట్లించింది. "విషం లేదు, సరే. మరి మట్టి మాటేంటి? అందులో నులిపురుగుల గుడ్లుంటాయి, సీసం ఉండొచ్చు. రక్తం బాగా తక్కువుంది నీకు. ఇలాగే ఉంటే బిడ్డ బరువు పెరగదు, నెలలు నిండకుండానే పుట్టొచ్చు. అసలు రక్తం తగ్గితేనే చాలామందికి ఈ కోరిక పుడుతుందమ్మా. సిగ్గెందుకు? మాత్రలు రాస్తాను, మానకుండా వేసుకో."

"ఇప్పుడు బిడ్డకి ఎలా ఉందండీ?"

డాక్టర్ పొట్ట మీద యంత్రం ఆనించింది. టకటకా, టకటకా. మగ్గం మీద పోగుల మధ్య ఉషారుగా పరిగెత్తే నాడెలా బిడ్డ గుండె చప్పుడు గదంతా వినిపించింది. మమత నవ్వుతూనే ఏడ్చేసింది.

బయటికొచ్చాక బంగారమ్మ కోడలి మూతి కొంగుతో గట్టిగా తుడిచింది. "రేపే ఆ గుంటకి సిమెంటు చేయించేత్తాను. ఈ పందికొక్కుకి పూటపూటా తోటకూర పప్పెడతాను."

"ఆయ్," అంది మమత. "మునగాకు కూడా వెయ్యండి అత్తయ్యగారూ."