ఇవాళ్టి స్తోత్రం

ఆరు కిలోల బియ్యానికి మూడోసారి నీళ్లు పోసి కడుగుతుండగా హాస్టలు వంటింట్లో ట్యూబులైటు రెండుసార్లు కొట్టుకుని మళ్లీ నిలబడింది. మాసమ్మ చేతులు బియ్యంలోనే ఆగిపోయాయి. లైటు నిలిచాక కూడా కాసేపు కదల్లేదు. తర్వాత కొంగుకు చేతులు తుడుచుకుని, పప్పుల డబ్బా మీదున్న ఫోను అందుకుని పక్కింటి ప్రేమకు చేసింది.

“మనకాడ కరెంటున్నదా బిడ్డా?”

“ఉన్నదత్తా. జరసేపు పోయి వచ్చింది. మామ మంచిగనే ఉన్నడు. మిషన్ నడుస్తున్నది, సప్పుడు ఇనిపిస్తలేదా?”

వినిపించింది. గుర్రుమంటూ, మధ్య మధ్య బుస్సుమంటూ. ఆ చప్పుడు విన్నాకే బియ్యం నీళ్లు వంపింది.

అశోక్‌నగర్‌లోని ఆ లేడీస్ హాస్టలుకు నాలుగంతస్తులు, నలభై రెండు మంది ఆడపిల్లలు. అందరూ ఏదో ఒక సర్కారు కొలువు పరీక్షకు చదివేవాళ్లే. మాసమ్మ పద్నాలుగేళ్లుగా వాళ్లకు మూడు పూటలా వండిపెడుతోంది. పొట్టి మనిషి. గంటె తిప్పీ తిప్పీ కుడి మణికట్టు ఎడమదానికంటే లావెక్కింది. మోచేతుల దాకా నూనె చిట్లిన మచ్చలు. మెట్లెక్కేటప్పుడు మోకాలు కాసేపు మొరాయించి గానీ వంగదు.

ఇల్లు నాలా ఒడ్డున, బస్తీలో. నడిస్తే పది నిమిషాలు. ఆ ఇంట్లో ఆమె భర్త కురుమయ్య మంచం పట్టి ఉన్నాడు. మక్తల్ దిక్కు నుంచి ఒక మేస్త్రీ వెంట పట్నం వచ్చి ఇరవై ఆరేళ్లు గ్రానైటు కోశాడు. ఎవరెవరి ఇళ్ల మెట్లో, ఎవరెవరి వంటింటి గట్లో. ఆ రాతి పొడి ఊపిరితిత్తుల్లో గడ్డకట్టిందన్నారు డాక్టర్లు. పదిహేను రోజుల కింద ఆసుపత్రి నుంచి పంపించేస్తూ, ఇక మందులతో పనిలేదు, గాలి పెట్టుకుంటూ ఇంట్లోనే చూసుకోండన్నారు. గాలి మిషను నారాయణగూడ చర్చివాళ్లు ఇప్పించారు. కరెంటు పోతే అక్కరకొస్తుందని ఒక చిన్న ఆక్సిజన్ సిలిండరు కూడా ఇచ్చారు. అది గంటన్నర వస్తుంది. అంతకుమించి రాదు.

ఆ చర్చిలోనే ఆడవాళ్ల కూడికలో పాస్టరమ్మ ఒక మాట చెప్పింది. కష్టంలో ఉన్నవాళ్లు రోజుకొక్క మేలుకైనా దేవుడికి స్తోత్రం చెప్పాలట. నిన్న చెప్పింది ఇవాళ చెప్పకూడదట. మాసమ్మ ఇంటికొచ్చి మొగుడి వెంటపడింది. కురుమయ్య మాటల మనిషి కాడు, ప్రార్థనల మనిషి అంతకన్నా కాడు. ఆదివారం చర్చిలో చివరి వరుసలో కూచుని కునికేవాడు. అయితే పొద్దస్తమానం పడుకుని ఉండే మనిషికి అదొక పని దొరికినట్టయింది. “రాత్రి దోమలు కుట్టలే. స్తోత్రం.” “గోడ మీది బల్లి నన్ను సూసి బెదుర్తలేదు. స్తోత్రం.” “ప్రేమ చాయ్‌ల చక్కెర ఎక్కువేసింది. స్తోత్రం.” ఒక్కోసారి మాసమ్మకు నవ్వాగేది కాదు. రోజూ తెల్లారగట్ల ఆమె పనికి బయల్దేరే ముందు ఇద్దరూ చెరొకటి చెప్పుకునేవారు.

ఇవాళ ఆమె చెప్పలేదు.

“నా నోట్లకెళ్లి వస్తలేదు. రాత్రంత దమ్ము అందక కూసుండే ఉంటివి. ఏం సూసి చెప్పాలె నేను?”

కురుమయ్య ముక్కు దగ్గర పైపు సరిచేసుకున్నాడు. ఊపిరికొక మాట చొప్పున అన్నాడు. “రానియ్... తొందరేంది... పొద్దుమీకేదాక... దినమున్నది.”

ఆ నిదానం ఆమెకు ఒళ్లు మండించింది. తలుపు ధడేలున వేసి వచ్చేసింది.

పదింటికి వాన మళ్లీ అందుకుంది. చిక్కడపల్లి మార్కెట్టు నుంచి వచ్చిన టమాటాలు తరిగి, పప్పు ఎనిపి తాలింపు పెట్టేలోగా మాసమ్మ నాలుగుసార్లు ఫోను చేసింది. ఐదోసారి ప్రేమే చేసింది.

“అత్తా, నాలా నీళ్లు గల్లీలకొచ్చినయ్. ట్రాన్స్‌ఫార్మర్ మునుగుతదని కరెంటు బంద్ చేసిన్రు. ఎప్పుడిస్తరో తెల్వదంట. మామకు సిలిండర్ పెట్టినం.”

“ఎన్నింటికి పెట్టిన్రు?”

“ఇప్పుడే, పదకొండింటికి.”

మాసమ్మ గోడ గడియారం వంక చూసింది. పన్నెండున్నర దాకా.

నీళ్ల సీసా నింపుకోవడానికి వంటింట్లోకి వచ్చిన రాగిణి ఆ ముఖం చూసి ఆగిపోయింది. ఆ పిల్ల నర్సింగు చదివి స్టాఫ్ నర్సు పరీక్షకు చదువుతోంది. సంగతి విని వెంటనే అంబులెన్సుకు చేసింది. రోడ్ల మీద నీళ్లున్నాయి, రెండు గంటలైనా పట్టొచ్చన్నారు.

“ఇక్కడ కరెంటున్నది కదా ఆంటీ,” అంది రాగిణి. “పోయినా ఇన్వర్టర్ ఉంది. అంకుల్‌ని ఇక్కడికే తీసుకొద్దాం.”

మాసమ్మ కిటికీలోంచి గేటు వైపు చూసింది. మగవాళ్లకు ప్రవేశం లేదు. కన్నతండ్రులు కూడా పిల్లల పెట్టెలు గేటు దగ్గర దించి అక్కణ్నించే చెయ్యూపి వెళ్తారు.

మేనేజరు మనోరమ అంతా విని కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

“నీ కష్టం నాకు అర్థమైతది మాసమ్మా. కానీ లోపలంత ఆడపిల్లలు. వాళ్ల తల్లిదండ్రులకు నేను మాటిచ్చిన. ఓనరుకేం చెప్పాలె? పైగా... ఇక్కడే ఏమన్న అయితే?”

మాసమ్మ బతిమాలలేదు. ఏడవలేదు. “పదకొండూ ఇరవై అయిందమ్మా. గంట పది నిమిషాలున్నది. వద్దంటే ఇప్పుడే చెప్పుండ్రి. ఇంకోకాడ అడుగుత.”

పద్నాలుగేళ్లలో ఆమె ఏదైనా అడగడం అదే మొదలు. మనోరమ కళ్లజోడు మళ్లీ పెట్టుకుంది. “డైనింగ్ హాల్లో. పిల్లలకు నేను చెప్పుకుంట. పో, జల్ది పో.”

బస్తీలో నీళ్లు మోకాళ్లు దాటాయి. ప్రేమ భర్త గణేశ్ తన ఆటోను రోడ్డు మీదే నిలిపి వచ్చాడు. కురుమయ్యను వీపు మీద ఎత్తుకున్నాడు. ఒకప్పుడు బండరాళ్లు మోసిన మనిషి పసిపిల్లవాడంత బరువున్నాడు. ప్రేమ సిలిండరు పట్టుకుని పక్కనే నడిచింది. మాసమ్మ మిషనును నెత్తిన పెట్టుకుని, కాలితో గుంతలు తడుముకుంటూ ముందు నడిచింది. నోట్లో ఒక్క ప్రార్థన ముక్క రాలేదు. అడుగు, ఇంకో అడుగు, అంతే.

ఆటో ఎక్కి బయల్దేరితే బ్రిడ్జి దగ్గర బండ్లన్నీ ఆగిపోయి ఉన్నాయి. పన్నెండూ ఐదు. గణేశ్ వెనక్కి తిప్పి చిక్కడపల్లి సందుల్లోంచి పట్టాడు. సిలిండరు మీటరు ముల్లు ఎర్రగీతలోకి దిగింది. కురుమయ్య పెదవులు నేరేడు పండు రంగుకు తిరుగుతున్నాయి. కళ్లు మాత్రం మాసమ్మ మీదే ఉన్నాయి. “సూడకు, దమ్ము తీస్కో,” అని కసిరింది ఆమె.

హాస్టలు మెట్ల నిండా ఆడపిల్లలు గోడలకు ఒదిగి నిలబడి దారిచ్చారు. డైనింగ్ హాల్లో రాగిణి మిషను ప్లగ్గు పెట్టింది. చప్పుడు లేదు. పీకి మళ్లీ పెట్టింది. లేదు. సిలిండరు బుస కూడా సన్నబడింది. “ఆ బోర్డు లూజు, ఇటు!” అని అరుస్తూ మనోరమ ఫ్రిజ్జు ప్లగ్గు లాగేసింది. మిషను ఒకసారి కీచుమని, గుర్రుమని అందుకుంది.

పది నిమిషాలకు కురుమయ్య పెదవుల నలుపు కొంచెం విరిగింది. కుర్చీలో వెనక్కి వాలి చుట్టూ చూశాడు. పొడుగాటి బల్లలు, వడ్డించే కిటికీ, దాని వెనక పెద్ద పొయ్యి, మసిబారిన గోడ.

“ఇదేనా... నువ్వుండే జాగ?”

“ఇదే.”

చాలాసేపు చూశాడు. “పద్నాలుగేండ్లు... గేటు బయటనే... నిలవడ్డ. నువ్వేడ వండుతవో... ఇయ్యాల సూసిన.” ఊపిరి కూడగట్టుకున్నాడు. “స్తోత్రం. మరి నీది?”

“చెప్త తీ. ముందుగాల రెండు మెతుకులు తిను.”

పప్పన్నం మెత్తగా పిసికి నాలుగు చెంచాలు పెట్టింది. మూడు తిన్నాడు. ఒంటిగంట దాటింది. పిల్లలు ఆకలిగా ఉన్నా కంచాల జోలికి పోకుండా మెట్ల మీదే కూచున్నారు. “పెట్టుపో... పిల్లలు సూస్తున్నరు,” అన్నాడు కురుమయ్య. ఆమె లేచి కిటికీ వెనక్కి వెళ్లింది. అన్నం, పప్పు, వంకాయ కూర. అన్నం, పప్పు, వంకాయ కూర. కంచం కంచానికీ మధ్య తల తిప్పి చూస్తే అతను తన వైపే చూస్తున్నాడు. ఎవరో పెద్ద పని చేస్తుంటే చూసినట్టు చూస్తున్నాడు.

ముప్ఫయ్యో కంచమో ముప్ఫై ఒకటోదో వడ్డించి తల తిప్పేసరికి అతని కళ్లు మూసి ఉన్నాయి. రాగిణి పక్కన మోకాళ్ల మీద కూచుని మణికట్టు పట్టుకుని ఉంది. తలెత్తి మాసమ్మను చూసింది. ఆ చెయ్యి మెల్లగా అతని ఒళ్లో పెట్టింది. మిషను మాత్రం బుస్సుబుస్సుమని గాలి పంపుతూనే ఉంది.

మాసమ్మ గంటె పప్పులో వదిలి వచ్చింది. స్విచ్చు తనే తీసింది. ముక్కు నుంచి పైపు తప్పించి, చెవుల వెనక పైపు కోసిన గీతలను వేలితో రాసింది.

“మాసమ్మా...” అంటూ మనోరమ భుజం మీద చెయ్యి వేసింది.

“ఆగుండ్రమ్మా. నాది బాకీ ఉన్నది. పొద్దున చెప్పలే.” దవడలు బిగించి మాట మాటా బయటికి లాగింది. “ప్రభువా. నీళ్లల్ల, చీకట్ల కొట్టుకొని పోలే. ఎలుగుల పోయిండు. నా చేతి బువ్వ తిని పోయిండు. నాకాడ గింతే ఉన్నది. స్తోత్రం.”

ఆ చివరి మాట అంటూనే అతని ఒళ్లో తల పెట్టుకుని పెద్దగా ఏడ్చింది. కంచాలు పట్టుకున్న పిల్లలు కంచాలతోనే నిలబడిపోయారు.

నాలుగింటికి వాన తెరిపిచ్చింది. శవాన్ని తీసుకెళ్లే బండి వచ్చింది. గణేశూ, ప్రేమా, మాసమ్మా కురుమయ్యను తీసుకుని వెళ్లిపోయారు. మనోరమ ఫ్రిజ్జు ప్లగ్గు మళ్లీ పెట్టింది. పిల్లలు ఎవరి కంచాలు వాళ్లే కడుక్కుని, గిన్నెలు కూడా తోమి బోర్లించారు. రాగిణి చెత్త పారేయడానికి గడప దాటబోయి ఆగింది.

అక్కడ, ఆడపిల్లల సన్నటి చెప్పుల వరుసల మధ్య, తిరిగి వెళ్లేటప్పుడు మామకు కావాలి కదా అని ప్రేమ చేతపట్టుకొచ్చి విడిచిన కురుమయ్య హవాయి చెప్పులు, ఒకదాని పట్టీ సన్నటి రాగితీగతో కట్టినవి, గేటు వైపు తిరిగి ఉన్నాయి.