మోకాలి కొలత

"ఆ గంప అవతల పెట్టి ముందు టీ సంగతి చూడు. పెద్దమనుషులు పడవ దిగేశారు," అన్నాడు భర్త, అరుగు మీద నిలబడి దువ్వెన జేబులో పెట్టుకుంటూ.

గంప ఆమె నెత్తి మీదే ఉంది. అందులో రొయ్యల పొట్టు, ఇటుక ముక్కలు, పైన కాలువ ఒండ్రు. నీళ్లు మెడ మీదుగా వీపులోకి కారుతున్నాయి. ఆమె ఇంటి వెనక్కి వెళ్లి, గంపను బోర్లించి, పోసిన మట్టిని రెండు కాళ్లతోనూ మడమలు దిగేలా తొక్కింది. తొక్కని మట్టి మట్టి కాదు. పోటు వస్తే లేచిపోయే జావ. ఆ తర్వాతే చేతులు కడుక్కుని పొయ్యి దగ్గరికి వెళ్లింది.

సముద్రం పోటెక్కే ఈ పల్లపు బాడవలోకి వాళ్లు వచ్చి పదకొండేళ్లు. వచ్చేనాటికి ఇక్కడ ఇల్లు కట్టే చోటు లేదు, నీళ్లలో నాలుగు గుంజలు పాతుకునే చోటు మాత్రమే ఉంది. చుట్టూ మడచెట్లు, దోమలు, రోజుకి రెండుసార్లు వచ్చే పడవ. "ఇంకో రెండేళ్లు ఓపిక పట్టు, రోడ్డొస్తుంది. రోడ్డొచ్చిందా, ఈ బురదంతా బంగారమే," అన్నాడు అప్పట్లో. ఆ రెండేళ్లు ఇప్పటికీ అవుతూనే ఉన్నాయి. ఒకసారి రేవు కడతారన్నాడు. ఇంకోసారి రొయ్యల చెరువులన్నాడు. ఈమధ్య పిట్టల్ని చూడ్డానికి డబ్బున్నవాళ్లు వస్తారని, వాళ్లకి విడిది ఇళ్లు కడతారని అంటున్నాడు. వినివిని ఊళ్లోవాళ్లు అతనికి 'రోడ్డాయన' అని పేరు పెట్టారు. పిట్టల్ని చూడ్డానికి అంతంత దూరం నుంచి మనుషులు రావడమేమిటో ఆమెకు అర్థం కాలేదు. పదకొండేళ్లుగా పిట్టలే ఆమెను చూస్తున్నాయి, వాటికి పైసా ఖర్చు లేదు.

అతను ఎదురుచూసే పని చేశాడు. అది కష్టమైన పనే కాబోలు, రోజంతా పట్టేది. టీ కొట్టు బల్ల మీద కూర్చుని ఎదురుచూసేవాడు. మట్టి మొయ్యమంటే నడుం పట్టేసిందనేవాడు. ఆ నడుం చీట్లపేక దగ్గర మాత్రం ఎంతసేపైనా నిటారుగా నిలిచేది. ఆమె పొద్దున్నే రొయ్యల షెడ్డుకు వెళ్లి, మంచులో చేతులు మొద్దుబారేదాకా పొట్టు ఒలిచి, ఆ పొట్టు తీసుకెళ్తానని మేస్త్రీని అడిగితే, "ఊరికే ఎలా ఇస్తానమ్మా, షెడ్డు కడిగి తీసుకెళ్లు," అన్నాడు. పారేసే చెత్తకి చాకిరీ! కడిగింది. పదకొండేళ్లు కడిగింది. గుంజలు పాతి, కంప అల్లి, లోపల ఆ పొట్టు, రేవు దగ్గరి విరిగిన ఇటుకలు, కాలువ ఒండ్రు పోసి తొక్కింది. "ఊళ్లో ఆడాళ్లంతా ఇంట్లో చెత్త బయట పారేస్తారు. మా కోడలు బయట చెత్త ఇంటికి మోసుకొస్తుంది. ఈ కంపుకి దోమలు కూడా మన గడప తొక్కట్లేదు," అనేది అత్తగారు. ఆ కంపు మీదే ఆవిడ మంచం వేసుకునే వసారా లేచింది. ఆ వసారా మీద కూర్చునే ఆవిడ ఆ మాట అనేది.

ఇవన్నీ ఆమె సహించగలిగింది. నిన్నటి మాట ఒక్కటి మాత్రం గొంతులో ముల్లులా దిగబడి ఉంది. పక్కింటి వలల వదిన వల ఆరేస్తూ, "ఏం వదినా, పట్నం వెళ్లిపోతున్నారటగా? కొలత అవగానే పట్నం ఆయనకి అమ్మేస్తున్నారట. మీ బావగారి మేడ మీద గది కూడా ఖాళీ చేయిస్తున్నారట. టీ కొట్టులో అందరికీ తెలుసు," అంది. టీ కొట్టులో అందరికీ తెలుసు. కుక్కలకి కూడా తెలిసే ఉంటుంది. సాయంత్రం అతన్ని అడిగితే విసుక్కున్నాడు. "నీకు వేరే చెప్పేదేముంది? నువ్వూ వస్తావు కదా!"

మేడ మీద గది. కింద తోడికోడలి వంటిల్లు. తొమ్మిదిమందికి వండి, పైకెక్కి పడుకోవడం. అక్కడ నేల గట్టిగానే ఉంటుంది, సిమెంటుతో పోసి ఉంటుంది, కానీ అందులో ఆమె తొక్కిన జానెడు కూడా ఉండదు.

పెద్దమనుషులు టీ తాగారు. ఒకరు సర్వేయరు, ఇంకొకరు అతని తాడు పట్టే మనిషి, మూడో ఆయన తెల్ల బూట్లు వేసుకున్న పట్నం ఆయన. బూట్లకు బురద అంటుతుందని ఆయన అరుగు దిగలేదు.

ఆ బాడవలో భూమి కొలిచే పద్ధతి వేరు. నీళ్లు తగ్గినప్పుడు కొలిస్తే అందరూ జమీందార్లే. అందుకని ఏడాదిలో అన్నిటికన్నా పెద్ద పోటు నాడు కొలుస్తారు. ఇంటివాళ్లలో ఒకరు తాడు కొస పట్టుకుని నీళ్లలో హద్దు వెంట నడవాలి. మోకాలు తడవకుండా నడిచినంత మేరా వాళ్ల నేల, కాగితం ఇస్తారు. మోకాలు మునిగిందా, అక్కడికి ఆ వైపు తెగిపోయినట్టే. రెండోసారి మునిగితే కొలతే రద్దు. మళ్లీ మూడేళ్లకి. కొలిచేదీ పోటు నిలిచి ఉన్నంతసేపే.

ఆమె చీర కుచ్చిళ్లు పైకి దోపుకుంది. భర్త అడ్డంగా చెయ్యి చాపాడు. "నువ్వెందుకు? ఇంటి మగాణ్ణి నేనుండగా!"

"ఆ పచ్చటివైపు వెళ్లకండి. అది నాచు. నేల అంత దూరం లేదు."

"నాకు తెలీదూ? పచ్చగా ఉందంటే కింద గట్టి నేల ఉందన్నమాట. చిన్నపిల్లాడు కూడా చెప్తాడు." పట్నం ఆయన వైపు తిరిగి నవ్వాడు. "నిన్న మీకు చూపించింది అదే సార్."

తాడు పట్టుకుని ఠీవిగా నడిచాడు. పది అడుగులు బాగానే వేశాడు. పదకొండో అడుగుకి బుడుంగుమని నడుందాకా దిగాడు.

"ఏరా, చేపేమైనా తగిలిందా?" అంది అత్తగారు వసారాలోంచి.

తాడు పట్టే మనిషి లాగితే బయటపడ్డాడు. పడవలో కూర్చున్న సర్వేయరు విసుగ్గా పటం మీద ఒక గీత గీశాడు. "ఆ మూల పోయిందండీ. ఇంకోసారి మునిగితే నేనేం చెయ్యలేను. పోటు ఇంకో అరగంట ఉంటుందేమో. తెలిసినవాళ్లనే నడిపించండి."

నాచు కారుతున్న లాగూతో నిలబడి భర్త, "ఏమే, చూస్తావేంటి? నువ్వు నడువు," అన్నాడు. తానిచ్చిన వరంలా అన్నాడు.

ఆమె తాడు అందుకుని దిగింది. నీళ్లు మట్టిరంగులో ఉన్నాయి, కింద ఏమీ కనిపించదు. కనిపించాల్సిన పని లేదు. కాళ్లకి తెలుసు. ఇక్కడ ఇటుకలు. ఇక్కడ రెండో కాన్పు అయిన మూడో వారం పోసిన ఒండ్రు, "పథ్యం తినేదానికి ఇంత ఓపికేమిటో," అని అత్తగారు అన్నరోజు. ఇక్కడ కొంచెం మెత్తన, జ్వరంలో సరిగ్గా తొక్కలేదు, ఎడమకి జరగాలి. ఇక్కడ కంప తెగి, మోసిందంతా ఒక్క వరదకి పోతే, "పోతే పోయిందిలే, మళ్లీ పోసుకో," అని అతను పేక కలుపుకుంటూ అన్న చోటు. మళ్లీ పోసుకుంది. నీళ్లు పిక్కల దగ్గరే ఆగుతున్నాయి. మొదటి మూల, రెండో మూల, రెండు చోట్లా తాడు పట్టే మనిషి కర్ర పాతాడు. ఒక్కసారి కూడా తడుముకోకుండా ఆమె నడుస్తుంటే సర్వేయరు పడవలోంచి తల ఎత్తి చూశాడు. తర్వాత కాగితం తీశాడు.

"పేరు చెప్పండి, ఈలోగా రాసేస్తాను."

భర్త గొంతు సవరించుకుని, ఇంటిపేరుతో సహా, తన పేరు చెప్పడం మొదలుపెట్టాడు.

ఆమె ఆగిపోయింది.

"ఏమైందమ్మా? లోతుందా?" అన్నాడు సర్వేయరు.

"లేదండీ. గట్టిగానే ఉంది. ఆ కాగితంలో ఎవరి పేరు రాస్తున్నారు?"

"కుటుంబ పెద్ద పేరు రాస్తామమ్మా."

"ఆ పెద్దాయన్నే నడవమనండి మరి."

భర్త రెండడుగులు ముందుకేసి, నీళ్ల అంచున ఆగిపోయాడు. "నలుగురిలో ఏంటే ఇది? నీ పేరు వేరు, నా పేరు వేరూనా?"

"వేరు కాకపోతే నాదే రాయించండి."

"ఇద్దరి పేర్లూ రాయనా?" అన్నాడు సర్వేయరు, నీళ్ల వైపు చూసుకుంటూ. దిగువన పాతిన కర్రకి తడి గుర్తు బయటపడుతోంది. నీళ్లు వెనక్కి తీసే పాటు మొదలవుతోంది.

"నడిచింది ఒక్కరే కదండీ," అంది ఆమె. గొంతు పెంచలేదు. పోతే పోనీ అనుకుంది. మూడేళ్లే కదా. ఈ నేల తనంతట తాను రాలేదు, తనంతట తాను పోదు. ఇంతవరకూ ఎవరైనా పిలిస్తే పరిగెత్తింది. ఇప్పుడు నలుగురు మగవాళ్లు ఆమె అడుగు కోసం ఎదురుచూస్తున్నారు. ఎదురుచూడ్డం ఎంత హాయైన పనో ఆమెకు మొదటిసారి తెలిసింది. అతను అన్నేళ్లు అది వదలలేదంటే వదలడు మరి.

"ఒరే, నోరు మూసుకుని దాని పేరే రాయించు!" అని అరిచింది అత్తగారు. "అది అక్కడే నిలబడితే వంటెవడు చేస్తాడు, నువ్వా? మీ నాన్న బతికున్నన్నాళ్లూ ఇంతే, అన్నీ ఆయన పేరే. చివరికి నాకు మిగిలింది ఈ మంచం."

పట్నం ఆయన గడియారం చూసుకున్నాడు. భర్త అటూ ఇటూ చూసి, తల అడ్డంగా ఊపబోయి, నిలువుగా ఊపాడు. సర్వేయరు రాశాడు. రాసింది పైకి చదవమంది ఆమె. చదివాడు. అప్పుడు మూడో మూలకి నడిచింది. మోకాలు తడవలేదు.

పడవ వెళ్లిపోయాక భర్త లాగూ పిండుకుంటూ దగ్గరికొచ్చాడు. గొంతులో తియ్యదనం తెచ్చుకున్నాడు. "పోనీలే. నీ పేరైతే ఏంటి, నా పేరైతే ఏంటి? అమ్మేటప్పుడు ఓ సంతకం పెడితే సరిపోతుంది."

ఆమె కాగితాన్ని తడి తగలకుండా నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుంది. ఖాళీ గంప తీసి అతని చేతిలో పెట్టింది.

"అమ్మను. మీరు దిగబడ్డ చోట నడుం లోతుంది. అక్కణ్ణుంచి మొదలుపెట్టండి."